సంతకాలు సరే, లెక్క కుదరాలి: కొత్త నగరం ఏర్పాటుపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో పెద్ద నగరాల శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువారు, తమ కాలనీ ఏ నగర పరిధిలోనూ లేదని చాలాసార్లు ఇల్లు చేతికి వచ్చిన తర్వాతే గమనిస్తారు. అటువంటి కాలనీని సొంత కౌన్సిల్ ఉన్న నగరంగా మార్చుకోవడం, అంటే అక్కడి భాషలో ఇన్‌కార్పొరేట్ చేసుకోవడం, ఎలాగో అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. అడిగినవారిలో ఎక్కువమంది కాలిఫోర్నియా వారు కావడంతో ఆ రాష్ట్ర చట్టం గురించే ఎక్కువగా చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: మాది కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఏ నగరానికీ చెందని కొత్త కాలనీ. వేల సంఖ్యలో ఇళ్లున్నాయి. రోడ్డు గుంతలు పూడ్చాలన్నా, పక్క పొలంలో గోదాము కట్టడానికి అనుమతి ఇవ్వాలన్నా అన్నీ దూరాన ఉన్న కౌంటీ కార్యాలయంలోనే తేలుతాయి. మనమే సంతకాలు సేకరించి నగరం చేసుకోవచ్చని ఇరుగుపొరుగువారు అంటున్నారు. ఇది నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నిజమే. కాకపోతే సంతకాలతోనే నగరం ఏర్పడిపోదు. మీ అర్జీని విచారణకు తీసుకోక తప్పని పరిస్థితిని అవి కల్పిస్తాయి, అంతవరకే వాటి బలం.

కాలిఫోర్నియాలో ఈ అర్జీ వినేది లాఫ్కో, అంటే స్థానిక సంస్థల ఏర్పాటు కమిషన్. నగరాల సరిహద్దులు అడ్డూఅదుపూ లేకుండా పెరిగి సాగుభూమిని మింగేయకుండా చూసేందుకు 1963లో కౌంటీకొకటి చొప్పున ఈ కమిషన్లను ఏర్పాటు చేశారు. కౌంటీ పాలక మండలి సభ్యులైన సూపర్వైజర్లు, ఆ కౌంటీలోని నగరాల కౌన్సిల్ సభ్యులు, సాధారణ ప్రజల తరఫున ఒకరు, చాలాచోట్ల నీరు, పార్కులు వంటి సేవలు చూసే ప్రత్యేక డిస్ట్రిక్టుల ప్రతినిధులు కూడా ఇందులో సభ్యులుగా ఉంటారు. ప్రస్తుతం వీటిని నడిపిస్తున్నది 2000 సంవత్సరపు కోర్టేజీ–నాక్స్–హెర్ట్‌జ్‌బర్గ్ చట్టం. కాబట్టి మొదట వెళ్లవలసింది ఇంటింటికీ కాదు, మీ కౌంటీ లాఫ్కో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ దగ్గరికి. మీ ప్రాంతం పొరుగు నగరం భవిష్యత్తు విస్తరణ పరిధిలో, అంటే లాఫ్కో గీసి ఉంచిన ప్రభావ పరిధిలో ఉందా లేదా అన్నది ఆ కార్యాలయంలోని పటం చూస్తే తెలుస్తుంది. ఒకవేళ ఉంటే ఆ నగరం మిమ్మల్ని రేపటి తన వార్డుగా లెక్కవేసుకుని ఉంటుంది కనుక పేచీ అక్కడే మొదలవుతుంది. అది తెలియకుండా సంతకాలకు బయలుదేరడం మంచిది కాదు.

చట్టం ప్రకారం ప్రతిపాదిత నగర పరిధిలో కనీసం 500 మంది నమోదైన ఓటర్లు ఉండాలి. కాగితాలు పంచడానికి ముందే, సంతకాలు సేకరించబోతున్నామని లాఫ్కోకు నోటీసు ఇవ్వాలి. నగరం ఎందుకు కావాలో చెప్పే ప్రకటన ఒకటి దానితోపాటు ఉంటుంది. అది 500 పదాలు దాటకూడదు. అర్జీ మీద ప్రధాన అర్జీదారులుగా ముగ్గురికి మించి పేర్లు ఉండకూడదు. ఇకముందు నోటీసులు, ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ వారి పేరిటే నడుస్తాయి. అందుకని సభల్లో బాగా మాట్లాడేవారికన్నా వచ్చిన ఉత్తరానికి గడువులోగా జవాబు రాసేవారిని ఆ ముగ్గురిలో పెట్టుకోవడం మేలు.

అర్జీకి ఆ పరిధిలోని నమోదైన ఓటర్లలో 25 శాతం మంది సంతకాలు కావాలి. ఎనిమిది వేల మంది ఓటర్లుంటే రెండు వేల సంతకాలన్నమాట. మొదటి సంతకం పడిన తేదీ నుంచి ఆరు నెలల లోపు సంతకాలన్నీ పూర్తికావాలి, చివరి సంతకం పడిన 60 రోజుల లోపు అర్జీ దాఖలు కావాలి. ప్రతి సంతకం పక్కన సంతకం చేసినవారు తమ చేతితోనే తేదీ, చిరునామా రాయాలి. చూడడానికి ఇది చిన్న విషయమే గానీ, పరిశీలనలో సంతకాలు రాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. భర్త తన సంతకం చేసి, భార్య పేరు, చిరునామా కూడా తానే నింపేస్తే భార్య సంతకం చెల్లదు. కిందటేడు పాత అపార్టుమెంటు వదిలి సొంత ఇంట్లోకి మారినవారు ఓటరు నమోదులో చిరునామా మార్చుకోకపోతే, వారు మీ కాలనీలో ఉంటున్నప్పటికీ ఎన్నికల కార్యాలయం లెక్కలో పాత చిరునామా వారే. ఒకే మనిషి ఒకసారి గుడి దగ్గర బల్ల వద్ద, మరోసారి పార్కులో సంతకం చేస్తే లెక్కకు వచ్చేది ఒక్కటే. అందువల్ల అవసరమైన సంఖ్యకు పైన గణనీయంగా అదనపు సంతకాలు చేతిలో ఉంచుకుని దాఖలు చేయడం ఉత్తమం.

దాఖలైన 30 రోజుల్లో సంతకాల పరిశీలన పూర్తిచేసి, చాలినన్ని ఉన్నాయో లేదో ధ్రువీకరిస్తారు. తక్కువ పడితే, ఆ సంగతి తెలియజేసిన 15 రోజుల్లోగా అనుబంధ సంతకాలు ఇచ్చే అవకాశం ఉంది. ఇవి కాక, ఈ ప్రయత్నానికి వచ్చిన విరాళాలనూ పెట్టిన ఖర్చులనూ రాజకీయ ప్రచార ఖర్చుల మాదిరిగానే వెల్లడించాలి. మన సంఘాల్లో జరిగే విధంగా ఎవరో ఒకరు తన కార్డు మీద ఖర్చు పెట్టి తర్వాత అందరి దగ్గరా వసూలు చేసుకునే పద్ధతి ఇక్కడ చిక్కులు తెస్తుంది. మొదటిరోజే ఒక బ్యాంకు ఖాతా, ఒక కోశాధికారి ఉండాలి.

ఆ తర్వాత పర్యావరణ సమీక్ష, ఆర్థిక విశ్లేషణ, లాఫ్కో బహిరంగ విచారణ వరుసగా జరుగుతాయి. లాఫ్కో ఆమోదించిన తర్వాత కూడా, పరిధిలోని ఓటర్లలో 50 శాతం లేదా అంతకు మించి రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే ప్రతిపాదన అక్కడితో రద్దవుతుంది. అలా జరగకపోతే ఓటింగు పెడతారు, మెజారిటీ అవునంటే నగరం ఏర్పడుతుంది.

ప్రశ్న: మా వీధిలో ఉన్న తెలుగువారిలో సగం మందిమి హెచ్-1బి వీసా మీదా గ్రీన్ కార్డు మీదా ఉన్నాము. ఇల్లు మాదే, పన్ను కడుతున్నది మేమే. మేము ఈ అర్జీ మీద సంతకం చేయవచ్చా?

జవాబు: ఓటర్ల అర్జీ మీద చేయకూడదు. ఇందులో సందేహానికి తావు లేదు. నమోదైన ఓటరు అంటే అమెరికా పౌరుడే. ఓటర్ల అర్జీ మీద సంతకం చేయడమంటే నేను ఇక్కడ నమోదైన ఓటరునని ప్రకటించడమే అవుతుంది. పౌరసత్వం లేకుండా ఉన్నట్లు చెప్పుకోవడాన్ని వలస చట్టం చాలా తీవ్రంగా పరిగణిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారి మీద సైతం దేశం నుంచి పంపివేసే చర్యలకు అది కారణం కావచ్చు. సంతకాలు సేకరించేవారు మొహమాటపెట్టారనో, పక్కింటివారు చేశారనో చేయవద్దు. సేకరించేవారికి కూడా మా మనవి ఒకటి ఉంది: తలుపు తీసినవారికి కాగితం, కలం అందించడానికి ముందే "మీరు ఇక్కడ నమోదైన ఓటరేనా?" అని అడగండి. మనవాళ్లు ఎదుటి మనిషి మాట కాదనలేక సంతకం చేసేస్తారు. వారి మంచితనం వారి మెడకే చుట్టుకోకూడదు.

అయితే కాలిఫోర్నియా చట్టంలో చాలామందికి తెలియని మరో దారి ఉంది. ఓటర్ల అర్జీకి బదులు భూ యజమానుల అర్జీ కూడా చెల్లుతుంది. పరిధిలోని భూ యజమానుల సంఖ్యలో 25 శాతం మంది, వారి చేతిలో ఆ పరిధిలోని మొత్తం భూమి మదింపు విలువలో కూడా 25 శాతం ఉన్నవారై, సంతకం చేస్తే అది చాలుతుంది. ఇక్కడ చూసేది ఓటరు జాబితా కాదు, కౌంటీ పన్ను మదింపు రిజిస్టరులోని పేరు. ఇంటి పత్రం మీద, ఆ రిజిస్టరులో మీ పేరు ఉంటే పౌరసత్వంతో నిమిత్తం లేకుండా ఆ అర్జీలో మీరు భూ యజమానే. ఈ రెండు రకాల సంతకాలను ఒకే కాగితం మీద కలపకూడదు. ఏ దారిలో వెళ్లాలో ముందుగానే లాఫ్కోతో మాట్లాడి తేల్చుకోవాలి. మీ కాలనీలో ఓటు లేని యజమానులు ఎక్కువైతే రెండో దారిని తప్పక పరిశీలించండి.

ఇది అర్జీ వరకే. తుది ఓటింగులో ఓటర్లు మాత్రమే పాల్గొంటారు. జనవాసం ఉన్న ప్రాంతంలో 50 శాతం అభ్యంతరాల లెక్కలో చూసేదీ ఓటర్లనే. ఇక బహిరంగ విచారణలో మాట్లాడడానికి, రాతపూర్వకంగా అభిప్రాయం పంపడానికి పౌరసత్వం అవసరం లేదు. ఆర్థిక విశ్లేషణ మీద మీకున్న ప్రశ్నలను ఆ వేదిక మీద అడగండి. ఓటు లేకపోయినా లెక్కల్లో తప్పు పట్టగలిగినవారి మాటను కమిషన్ పట్టించుకోక తప్పదు.

ప్రశ్న: నగరమైతే పన్నులు పెరుగుతాయని ఒకరు, మన డబ్బు మన దగ్గరే ఉంటుందని మరొకరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ఇద్దరూ సగమే చెబుతున్నారు. ఈ వ్యవహారమంతటిలో అసలైన ప్రశ్న ఇదే కనుక కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

మొదట ఆస్తి పన్ను. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ప్రకారం కాలిఫోర్నియాలో మూల ఆస్తి పన్ను మదింపు విలువలో 1 శాతం. మదింపు విలువ ఎనిమిది లక్షల డాలర్లయితే పన్ను ఎనిమిది వేలు. ఇల్లు చేతులు మారనంత వరకు ఆ మదింపు విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. మీ కాలనీ నగరమైనంత మాత్రాన ఈ ఎనిమిది వేలు తొమ్మిది వేలు కావు. జరిగేదల్లా, అందులో కౌంటీకి పోయే భాగం నుంచి కొంత కొత్త నగరానికి బదిలీ కావడం. నగరం కొత్త పన్ను వేయాలంటే మళ్లీ ఓటర్ల దగ్గరికే రావాలి. 1996 నాటి 218వ ప్రతిపాదన ఆ నియమాన్ని గట్టిగా బిగించింది. సాధారణ అవసరాల పన్నుకు మెజారిటీ చాలు, ఒక నిర్దిష్ట అవసరానికి వేసే ప్రత్యేక పన్నుకు మూడింట రెండు వంతులు కావాలి. కాబట్టి "నగరమైన మర్నాడే పన్నులు పెంచుతారు" అనే భయానికి ఆధారం లేదు. కాలనీ కట్టినప్పటినుంచి పన్ను బిల్లులో ఉంటున్న ప్రత్యేక పన్నులు మాత్రం నగరం వచ్చిందని మాయం కావు. వాటిని ఎవరు, ఏ షరతుల మీద కొనసాగిస్తారో లాఫ్కో ఉత్తర్వులో చదువుకోవాలి.

రెండోది అమ్మకపు పన్ను. రాష్ట్రమంతటా వర్తించే 7.25 శాతం కనీస రేటులో 1 శాతం స్థానిక ప్రభుత్వానికి దక్కుతుంది. ఆ ఒక్క శాతం ఎవరు కొన్నారన్నదాన్ని బట్టి కాక, ఎక్కడ అమ్ముడైందన్నదాన్ని బట్టి వెళుతుంది. అన్నీ ఇళ్లే ఉండి అంగళ్లు లేని కాలనీకి చిక్కు వచ్చేది ఇక్కడే. ట్రేసీ పక్కన ఉన్న కాలనీలోని మనవాళ్లు శనివారం ట్రేసీలోని కాస్ట్‌కోకు వెళ్లి బండి నిండా సామాను తెచ్చుకుంటే, ఆ ఒక్క శాతం ట్రేసీ నగరానిదే. పెట్రోలు బంకులు, హోటళ్లు, కార్ల షోరూములు, పెద్ద దుకాణాలు సరిహద్దులో ఉన్నాయా లేవా అన్నది అందుకే కొత్త నగరాల సరిహద్దుల గొడవలకు మూలమవుతుంది. ఎవరైనా ప్రతిపాదిత పటం మీ ముందు పరిస్తే, పార్కు ఏ వైపు వచ్చిందో చూడడానికి ముందు బజారు ఏ వైపు వచ్చిందో చూడండి.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, ఆదాయ సమతుల్యత. 1992లో వచ్చిన ఈ నియమం ప్రకారం కొత్త నగరం వల్ల కౌంటీ కోల్పోయే ఆదాయం, కౌంటీకి తగ్గే ఖర్చు దాదాపు సమానంగా ఉండాలి. ఆదాయం ఎక్కువగా పోతుంటే కొత్త నగరం కౌంటీకి నష్టపరిహారం చెల్లించే ఒప్పందం చేసుకోవాలి. అంతకు ముందు సంపన్న ప్రాంతాలు తమ పన్నులు తాము తీసుకుని వెళ్లిపోతే మిగిలిన పేద ప్రాంతాల బరువంతా కౌంటీ మీద పడేది. దానికి అడ్డుకట్టగా పుట్టిన నియమం ఇది. సాంటా బార్బరా కౌంటీలోని గొలీటా ఇందుకు మంచి ఉదాహరణ. 2001లో ఓటర్లు ఆమోదించి 2002లో నగరమైన గొలీటా, తన ఆస్తి పన్నులో సగం, అమ్మకపు పన్నులో 30 శాతం కౌంటీకి ఇచ్చేందుకు ఒప్పుకుంది. ఏదో పదేళ్లకు కాదు, ఎప్పటికీ. ఆనాడు నగరం కావాలని తిరిగినవారికి ఆ ఒప్పందం తప్ప గత్యంతరం లేకపోయి ఉండవచ్చు. కానీ తరువాతి తరం కౌన్సిలర్లు ప్రతి బడ్జెట్టుకూ దాని బరువు మోస్తూనే ఉన్నారు. పక్కనే ఉన్న విద్యార్థుల ప్రాంతం ఐలా విస్టాను నాడు సరిహద్దు బయట ఉంచారన్నది కూడా గుర్తుంచుకోదగిన విషయం. కొత్త నగరం కథల్లో ఎవరిని కలుపుకున్నారన్నదానితోపాటు ఎవరిని వదిలేశారన్నది కూడా చదవాలి.

ఇవన్నీ లెక్కగట్టే పత్రమే సమగ్ర ఆర్థిక విశ్లేషణ. నగరమైన తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో సేవలకు సరిపడా ఆదాయం, కొంత నిల్వ కూడా ఉంటాయని లాఫ్కోకు నమ్మకం కలగకపోతే అది ఆమోదం ఇవ్వడానికి వీల్లేదు. ఈ నిబంధన కాగితాలకే పరిమితం కాలేదు. లక్ష మందికి పైగా జనాభా, తరతరాల నగర ఆకాంక్ష ఉన్న ఈస్ట్ లాస్ ఏంజెలెస్ ప్రతిపాదనను 2012లో అక్కడి లాఫ్కో తిరస్కరించింది. సంతకాలు చాలక కాదు, ఆదాయం చాలదని తేలినందువల్ల. విశ్లేషణ మీద అనుమానముంటే రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ చేత సమీక్ష చేయించమని ఎవరైనా కోరవచ్చు. ఆ ఖర్చు కోరినవారే భరించాలి.

లెక్క కుదిరిన తర్వాత కూడా పైనుంచి దెబ్బ తగలవచ్చు. రివర్‌సైడ్ కౌంటీలోని జురూపా వ్యాలీ 2011 జూలై 1న నగరమైంది. సరిగ్గా ఆ సమయానికే రాష్ట్ర ప్రభుత్వం తన బడ్జెట్టు లోటు పూడ్చుకోవడానికి, కొత్త నగరాలకు వచ్చే వాహన లైసెన్సు రుసుము వాటాను ఎస్‌బి 89 అనే చట్టంతో దారి మళ్లించింది. కొత్త నగరం ఆదాయంలో దాదాపు సగం పుట్టీపుట్టకముందే పోయింది. నగరాన్ని రద్దు చేసుకోవడం గురించి కౌన్సిలు ఆలోచించవలసిన స్థితి వచ్చింది. 2017లో మరో చట్టం ద్వారా జురూపా వ్యాలీకి, అదే కౌంటీలోని ఈస్ట్‌వేల్, మెనిఫీ, వైల్డోమార్ నగరాలకు ఊరట దొరికింది. జురూపా వ్యాలీ తర్వాత పదమూడేళ్ల పాటు కాలిఫోర్నియాలో కొత్త నగరమే ఏర్పడలేదంటే దాని భయం ఎంతగా పనిచేసిందో ఊహించుకోవచ్చు.

"అన్నీ మనమే నడుపుకోవాలంటే పోలీసులు, అగ్నిమాపక దళం ఎక్కడినుంచి వస్తాయి?" అని కూడా మీరు అడిగారు. అన్నీ సొంతంగా పెట్టుకోనక్కర్లేదు. 1954లో నగరమైన లేక్‌వుడ్, పోలీసు సహా సేవలన్నిటినీ లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచే కాంట్రాక్టుకు తీసుకుంది. తర్వాత వచ్చిన చాలా నగరాలు ఆ బాటే పట్టాయి. నగరమైన మర్నాడు కూడా మీ వీధిలో తిరిగేది అదే షెరీఫ్ కారు కావచ్చు, బిల్లు మాత్రం మీ కౌన్సిలుకు వస్తుంది. నగరంతో నిజంగా చేతికి వచ్చేది భూ వినియోగ నిర్ణయం. ఏ స్థలంలో ఇళ్లు, ఎక్కడ గోదాము, ఏ రోడ్డు మీద లారీలు అన్నవి కౌంటీ సూపర్వైజర్లకు బదులు మీరెన్నుకున్న కౌన్సిలు తేలుస్తుంది. మా దృష్టిలో ఈ ఒక్క అధికారం కోసం శ్రమపడడం సమంజసమే. "పన్ను తగ్గుతుంది" అని చెప్పి సంతకం అడిగేవారిని మాత్రం కాగితం చూపించమనండి.

ప్రశ్న: మౌంటెన్ హౌస్ ఇటీవల నగరమైందని విన్నాము. అక్కడ తెలుగువారు చాలామంది ఉన్నారు. వారు ఎలా సాధించారు?

జవాబు: శాన్ వాకీన్ కౌంటీ అంచున, ఆల్టమాంట్ కనుమ దాటగానే ఉన్న ఈ ఊరు 2024 జూలై 1న కాలిఫోర్నియాలో 483వ నగరంగా, తన కౌంటీలో ఎనిమిదోదిగా ఏర్పడింది. ఆ ఏడాది మార్చిలో జరిగిన ఓటింగులో 90 శాతానికి పైగా అవునన్నారు.

అయితే అది ఒక్క ఏడాదిలో దక్కిన విజయం కాదు. కౌంటీ 1990వ దశకంలోనే ఈ ఊరికి సమగ్ర ప్రణాళిక ఆమోదించింది, 1996లో నీరు, పార్కులు వంటి సేవల కోసం కమ్యూనిటీ సర్వీసెస్ డిస్ట్రిక్టు ఏర్పాటైంది. మొదటి కుటుంబాలు 2003 ప్రాంతంలో వచ్చాయి. 2008 ఇళ్ల సంక్షోభంలో, ఇంటి విలువకన్నా అప్పు ఎక్కువగా ఉన్న కుటుంబాల నిష్పత్తిలో దేశంలోనే ముందున్న ఊరిగా ఇది పత్రికలకెక్కింది. ఆ స్థితి నుంచి కోలుకుని, దుకాణాలు వచ్చి, ఆదాయానికి కొంత ఆధారం కనబడిన తర్వాతే నగరం మాట బలపడింది. నగరం కోసం లాఫ్కోకు వెళ్లింది కూడా సంతకాల దారిలో కాదు. చట్టంలో అర్జీతో పాటు తీర్మానం అనే దారి కూడా ఉంది, అంటే సంబంధిత స్థానిక సంస్థ తానే తీర్మానం చేసి దరఖాస్తు పెట్టవచ్చు. మౌంటెన్ హౌస్‌లో ఆ పని డిస్ట్రిక్టు బోర్డు చేసింది. మీ కాలనీకి ఇప్పటికే అటువంటి డిస్ట్రిక్టు ఉంటే, వేల సంతకాలు సేకరించడానికి ముందు ఆ బోర్డు సమావేశానికి వెళ్లి తీర్మానం కోరడం ఎంతో సులువు. ఆ బోర్డుకు ఎన్నికలుంటాయి కాబట్టి ఒప్పుకోని సభ్యులను మార్చుకునే అవకాశమూ ఓటర్లకు ఉంటుంది.

ప్రశ్న: మేము టెక్సాస్‌లో ఉంటున్నాము, మా చెల్లెలు జార్జియాలో. మూడు వందల ఓటర్లు కూడా లేని స్టార్‌బేస్ నగరమైపోయింది గానీ, చెల్లెలు ఉండే ఫోర్సైత్ కౌంటీలో వేలమంది ఓటేసినా నగరం రాలేదు. ఇదేమి న్యాయం?

జవాబు: న్యాయం మాట ఎలా ఉన్నా, చట్టాలు వేరు. టెక్సాస్‌లో లాఫ్కో వంటి సంస్థ లేదు. అర్జీ కౌంటీ జడ్జికి వెళుతుంది. అక్కడ కౌంటీ జడ్జి అంటే కౌంటీ పాలక మండలికి అధ్యక్షుడు కూడా. చిన్న ఊళ్ల కోసం అక్కడి చట్టంలో ఉన్న సి రకం నగరానికి జనాభా 201 నుంచి 4,999 వరకు ఉంటే చాలు, అర్జీ మీద ఓటర్లలో 10 శాతం సంతకాలు సరిపోతాయి. స్పేస్‌ఎక్స్ రాకెట్ కేంద్రం చుట్టూ ఉన్న స్టార్‌బేస్ వాసులు 2024 డిసెంబరులో అర్జీ ఇచ్చారు, 2025 మే 3న 212 మంది అవునని, ఆరుగురు కాదని ఓటేశారు. ఓటర్లలో అత్యధికులు ఆ కంపెనీ ఉద్యోగులో వారి కుటుంబసభ్యులో కావడం వల్ల ఫలితం మీద ఎవరికీ అనుమానం లేకపోయింది. ఒకే యజమాని కింద పనిచేసేవారి ఊరును నగరం అనవచ్చా అన్న చర్చ వేరే ఉంది. మీ కాలనీ విషయంలో మీరు చూసుకోవలసింది మాత్రం, అది ఏదైనా నగరం బయటి అధికార పరిధిలో, అంటే హద్దులు దాటి ఆ నగరానికి కొంత అధికారం ఉండే చుట్టుపక్కల ప్రాంతంలో, ఉందా అన్నది. డాలస్, ఆస్టిన్ శివార్లలో చాలా కాలనీలు అలా ఉంటాయి. ఆ నగరం సమ్మతి లేకుండా అక్కడ మరో నగరం ఏర్పాటు చేయడం కుదరదు.

జార్జియాలో ప్రజల అర్జీకి చట్టపరమైన బలం లేదు. స్థానిక శాసనసభ్యులు బిల్లు పెట్టాలి, శాసనసభ ఆమోదించాలి, ఆ తర్వాతే ఓటింగు. శాండీ స్ప్రింగ్స్ 2005లో, జాన్స్ క్రీక్ 2006లో ఆ దారిలోనే నగరాలయ్యాయి. దక్షిణ ఫోర్సైత్‌లో షారన్ స్ప్రింగ్స్ పేరిట ప్రతిపాదించిన నగరానికి 2018 మేలో ఓటింగు జరిగింది. సగానికి పైగా అవునన్నారు. కానీ ఆ బిల్లులోనే 57.5 శాతం రావాలన్న షరతు ఉంది. అది దాటకపోవడంతో నగరం రాలేదు. మీ చెల్లెలిగారికి చెప్పండి, అక్కడ సంతకాల సేకరణకన్నా బిల్లు ముసాయిదా చదవడం ముఖ్యం.

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యాను. అబ్బాయి దగ్గరికి వచ్చి ఈ హడావిడి చూస్తున్నాను. మన దగ్గర ఇటువంటి హక్కు ప్రజలకు లేదు కదా?

జవాబు: మీకు తెలియనిది కాదు గానీ, పాఠకుల కోసం చెబుతున్నాము. మన రాజ్యాంగంలో 74వ సవరణ ద్వారా 1993 నుంచి అమల్లోకి వచ్చిన 243క్యూ అధికరణం ప్రకారం, ఒక ప్రాంతం నగర పంచాయతీ కావాలా, మునిసిపాలిటీ కావాలా అన్నది జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం వంటివి చూసి గవర్నరు, అంటే ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వం, నోటిఫికేషన్ ద్వారా నిర్ణయిస్తుంది. సంతకాల అర్జీకి గానీ ఓటింగుకు గానీ అందులో చోటు లేదు. గ్రామసభ అభిప్రాయం అడగడం ఉన్నా తుది మాట ప్రభుత్వానిదే.

అసలు తేడా ఇంకొకటి ఉంది. అక్కడ నగరం కావాలని జనం తిరుగుతారు, మన దగ్గర పంచాయతీగానే ఉంచమని తిరిగే సందర్భాలే ఎక్కువ. మునిసిపాలిటీ అయితే ఇంటి పన్ను పెరుగుతుంది, గ్రామీణ ఉపాధి హామీ పనులు పోతాయి; పొలం మీద, కూలి మీద బతికేవారికి ఈ రెండూ చిన్న విషయాలు కావు. 2022 జనవరిలో రాజధాని ప్రాంతంలోని 19 గ్రామాలతో అమరావతి కార్పొరేషన్ ఏర్పాటుకు గ్రామసభలు పెట్టినప్పుడు, 29 గ్రామాలూ కలిపితేనే ఒప్పుకుంటామని ఊళ్లు వ్యతిరేకించిన సంగతి మీ జిల్లాదే. సరిహద్దు ఎక్కడ గీస్తారన్న పేచీ అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

ప్రశ్న: నగరమైతే పిల్లల బడి మారుతుందా? ఇళ్ల యజమానుల సంఘానికి (హెచ్‌ఓఏ) కట్టే రుసుము తప్పుతుందా? చిరునామా మారుతుందా?

జవాబు: బడి మారదు. స్కూలు డిస్ట్రిక్టులు నగరాలతో సంబంధం లేని వేరే సంస్థలు, వాటి సరిహద్దులు వాటివే. హెచ్‌ఓఏ అన్నది ఇల్లు కొన్నప్పుడు మీరు ఒప్పుకున్న ఒప్పందం కనుక రుసుము తప్పదు. ఒకే ఇంటికి హెచ్‌ఓఏ ఒక నియమం, నగరం మరో నియమం పెట్టినప్పుడు రెండూ పాటించవలసిందే. చిరునామాలో ఊరి పేరు, జిప్ కోడు తపాలా శాఖ చేతిలో ఉంటాయి. కొత్త పేరు వాడకంలోకి రావాలంటే కౌన్సిలు వారికి విడిగా రాసుకోవాలి. ఈలోగా కారు బీమా సంస్థకు, బ్యాంకుకు ఉన్న చిరునామానే కొనసాగించండి.